చెక్క కప్పయు కొర్రమీనును



గ్రంథాలయ రజతోత్సవమున చేపల గాలమును గూర్చి ఉపన్యాసమేమిటని కొందరికి తోచవచ్చును. అయినను, ఇచ్చట పుస్తకములు తిరుగవేయు బాలురలో పలువురు సెలవు దినమున చెరువుగట్టున కనబడుదురు. చేత వెదురుకర్ర, డబ్బాలో వానపాములు, కొందరి చేత సీసా. ఆ సీసాలో ప్రాణముతోనున్న కప్పపిల్లలు. ఆ సీసాయే ఈ ప్రసంగమునకు మూలము. బ్రతికియున్న కప్పను ముల్లునకు గ్రుచ్చి కొర్రమీనును పట్టుట తెలుగునాట పాత అలవాటు. ఆ కప్పకు బదులు చెక్కతోనో రబ్బరుతోనో చేసిన కప్పను పెట్టవచ్చును. దానిని ఇంటనే చేసికొనవచ్చును. చేయుటకు పూనుకొన్నవాడు చేపను గూర్చి పూర్వమెరుగని సంగతులు కొన్ని నేర్చుకొనును. వానిలో ఒకటి, ఎప్పుడు గాలము వేయరాదన్నది. చివరకు చెప్పవలసిన మాట అదియే కాని, దానికి ముందు పని సంగతి చెప్పుట న్యాయము.

ఎర అన్నచో వానపాము, రొయ్య, పిండిముద్ద వంటివి, చేప తినుటకు పనికివచ్చునవి. ఇంగ్లీషువారు లూర్ అనునది తినుటకు పనికిరాదు. చేప కంటికి తిండివలె కనబడి, తిండివలె కదలుట మాత్రమే దాని పని. దానిని బొమ్మ ఎర అనుట సులభము.

ఈ విద్యకు లోకమున పేరు తెచ్చినది బాసు అను చేప. అది ఉత్తర అమెరికా మంచినీటి సరస్సులలో పెరుగును. పెద్దనోటి బాసు నాచు, తామరాకుల చాటున పొంచియుండి, దగ్గరకు వచ్చిన చిన్న చేపను, కప్పను ఒక్క ఉరుకున మ్రింగును. దానిని పట్టుటకై చెక్కను చెక్కినవారు వృత్తిజాలరులు కారు. మిషిగన్ రాష్ట్రమున డొవాజియాక్ అను చిన్న పట్టణమున జేమ్సు హెడ్డన్ అను ఆయన తేనెటీగలను పెంచి జీవించువాడు. ఒకనాడు మిల్లు చెరువు ఒడ్డున కూర్చుండి ఊరక చెక్కుచున్న పుల్లను నీటిలోనికి విసరగా, ఒక బాసు దానిపై ఉరికెనని కథ చెప్పుదురు. కథ ఎంత నిజమో ఎట్లున్నను, 1890ల చివర ఆయన చెక్కతో కప్పలు చెక్కినది నిజము; ఆయన కుటుంబము పిదప బొమ్మ ఎరల కర్మాగారము స్థాపించినదియు నిజము. అంతకు పూర్వమే వెర్మాంటు రాష్ట్రమున జూలియో బ్యూయెల్ అను యువకుడు పడవలో భోజనము చేయుచుండగా చెంచా జారి నీటిలో పడి, తళతళలాడుచు దిగుచుండ ఒక చేప దానిని పట్టుకొనెనట. అతడు చెంచాకు ముల్లు కట్టి, 1852లో ఆ పనికి పేటెంటు పొందెను. బొమ్మ ఎరల చరిత్రలో ఇట్టి కథలు పెక్కు. అన్నింటను చేపయే గురువు.

వీరందరికంటె ఎక్కువగా చెప్పుకొనదగినవాడు ఫిన్లండు దేశపు లౌరి రాపాలా. ఆయన ధనికుడు కాడు. పైయన్నె సరస్సున చేపలు పట్టి కుటుంబమును పోషించువాడు. వేలకొలది చిన్న చేపలు గుంపుగా ఈదుచుండ, వేటచేప వచ్చి ఆ గుంపులో ఏ చేపను పట్టునని ఆయన పడవలో కూర్చుండి గమనించెను. కొంచెము గాయపడి, ప్రక్కకు ఊగుచు ఈదు చేపనే అది ఏరుకొనుచుండెను. 1936లో ఆయన బెండుముక్కను చెప్పులు కుట్టువాని కత్తితో చెక్కి, దానికి చాక్లెట్టు చుట్టిన తగరపు రేకు అంటించి, ఛాయాచిత్రముల పాత ఫిల్మును కరగించి పైపూత వేసెను. ఆ బొమ్మచేప సరిగా ఆ గాయపడిన చేపవలెనే ఊగెను. 1962 ఆగస్టులో లైఫ్ పత్రిక దానిని గూర్చి వ్యాసము ప్రచురించెను. చలనచిత్రతార మార్లిన్ మన్రో మరణవార్తతో వెలువడిన సంచిక అదియే అగుటచే పత్రికను లక్షలాది జనులు కొనిరి. చేపబొమ్మ సంగతియు వారికి తెలిసెను. అదృష్టమనగా అట్లుండవలెను! కాని అదృష్టమునకు ఇరువది ఆరేండ్ల ముందు ఆ పడవలో చూచిన చూపు ఉన్నది. కత్తి, రేకు, ఫిల్ము అందరి యిండ్లలోను దొరకునవే.

బాసు మన చెరువులలో లేదు. దాని స్వభావము గల చేప మాత్రము ఉన్నది. అదియే కొర్రమీను, తెలంగాణమున కొర్రమట్ట అనియు అందురు. తెలంగాణ రాష్ట్రమునకు రాష్ట్రీయ మత్స్యముగా ఎన్నుకొనబడినది ఇదే. మృగశిర కార్తె ప్రవేశించిన దినమున హైదరాబాదులో బత్తిని వంశమువారు పంచు చేప ప్రసాదమున మందుముద్దను నోటనుంచుకొనునదియు ఈ చేప పిల్లయే. పొడవైన ఒడలు, పాముతలను బోలిన చదునైన తల, వెడల్పైన నోరు, దవడల నిండ పదునైన పండ్లు. అది బాసువలెనే కలుపు మొక్కల చాటున పొంచియుండును. బాసువలెనే కప్పను, చిన్న చేపను ఉరికి పట్టును. సైనిక్‌పురి ప్రక్కనున్న కాప్రా చెరువు, నాచారము చెరువు, ఉప్పల్ నల్లచెరువు మొదలగు జలాశయములు గుర్రపుడెక్క, తామర, తూటికాడలతో నిండిన అంచులు గలవి. కొర్రమీను కోరు ఇల్లు సరిగా అట్టిదే.

దానికి బాసునకు లేని గుణమొకటి కలదు. తలలో మొప్పలకు పైభాగమున ప్రత్యేకమైన గదులుండుటచే, అది గాలినే పీల్చి బ్రతుకగలదు. అంతే కాదు, నడుమ నడుమ నీటిపైకి వచ్చి గాలి పీల్చక తప్పదు. నిలిచిన నీటిలో అల్లంత దూరమున చిన్న బుడగ లేచి, ఉంగరమువంటి అల విచ్చుకొన్నచో, అచ్చట కొర్రమీను శ్వాస పీల్చినదని అనుభవజ్ఞులు గుర్తింతురు. గట్టున పది నిముషములు కదలక కూర్చుండినవానికే ఇది కనబడును. బొమ్మ ఎర చేయుటలో మొదటి పాఠము ఆ పది నిముషములు.

చెరువులలో గాలము వేయుట ఆంగ్లేయులు నేర్పినది కాదు. అయినను దానిని గ్రంథస్థము చేసినవారిలో వారొకరు. మద్రాసు సివిల్ సర్వీసులో ఉద్యోగించిన హెన్రీ సలివన్ థామస్ అను ఆయన 1873లో భారతదేశపు గాలపువేటను గూర్చి ఒక పెద్ద గ్రంథమును, 1887లో కేవలము చెరువుల గాలమును గూర్చి మరియొక గ్రంథమును ప్రకటించెను. దొరలకు ముచ్చటైనది నదులలోని మహాశీరు చేప. చెరువు చేప వారి దృష్టిలో కొంత తక్కువది. అట్టి కాలమున చెరువు చేపకొక గ్రంథమును కేటాయించుట ఆయన గొప్పతనము. విశ్రాంత సైనికోద్యోగులకై వెలసిన సైనిక్‌పురి వంటి చోట, పర్వతనదుల కడ కొలువుచేసి వచ్చినవారు అటకపై పాత గాలపుకర్రను, రాట్నమును దాచుకొనియుండినచో ఆశ్చర్యము లేదు. వాని దుమ్ము దులుపుటకు ఇది మంచి సమయము.

ఇక పని. మొదట కప్ప. దీనికి అన్నింటికంటె సులభమైన సామగ్రి తెగిపోయిన హవాయి చెప్పు. ఆ రబ్బరు తేలును, మెత్తగా ఉండును, చేప కరచినప్పుడు నొక్కుకొని ముల్లును బయటపెట్టును. రెండున్నర అంగుళముల పొడవున, అంగుళమున్నర వెడల్పున ముక్క కోసి, ముందుభాగమును కప్పమూతివలె సన్నగా చేయవలెను. అడుగున నిలువునా చీలిక పెట్టి, పొడవైన కాడ గల జంటముల్లును దానిలో ఇమిడ్చి జిగురుతో మూయవలెను. ముళ్ల మొనలు రెండును వెనుకనుండి పైకి వంగి, కప్ప వీపునకు దాదాపు ఆనియుండవలెను. ఇదే కీలకము. మొనలు క్రిందికి గాని ప్రక్కలకు గాని ఉన్నచో, మొదటి విసురునకే గుర్రపుడెక్క కాడ తగులుకొనును. తరువాత లాగవలసినది చేపను కాదు, చెరువును. మొనలు వీపునకు ఆనియున్న కప్ప ఆకులపై జారుచు వచ్చును.

కాళ్లకు పాత సైకిలు ట్యూబును సన్నని పీలికలుగా కోసి, వెనుక ఇరువైపుల రెండేసి చొప్పున కట్టవలెను. అవి పొడవైనచో చేప కాళ్లను పట్టి వదలును, ముల్లు తగులదు. రెండంగుళములు మించరాదు. వెనుక అడుగుభాగమున చిన్న ఇనుప నట్టును బిగించినచో, కప్ప వెనుక భాగము నీటిలో కొంచెము దిగి, మూతి పైకి లేచి నిలుచును. నీటిపై నిజమైన కప్ప కూర్చుండు తీరును ఒకసారి చూచినచో ఇట్లేల చేయవలెనో తెలియును.

బరువునకు సీసపు గుండు వాడుట పాత వాడుక. అది మానవలెను. సీసము విషము. తెగిపడిన గుండ్లను గులకరాళ్లనుకొని మ్రింగి హంసలు చనిపోవుచుండుటచే ఇంగ్లండులో 1987లో సీసపు గుండ్లలో చాల రకముల అమ్మకమును నిషేధించిరి. చెరువుగట్లకు వచ్చు బాతులకును, కొంగలకును ఆ జాగ్రత్తయే చాలును. ఇనుప నట్టు తుప్పు పట్టునన్నమాట నిజమే. మరియొక నట్టు వేసికొనవచ్చును.

చెప్పు రబ్బరుతో తృప్తి చెందనివాడు చెక్కకు పోవలెను. చెక్క అన్నచో ఏ చెక్కయైనను పనికిరాదు. టేకు బరువు, మామిడి నీరు పీల్చును. ఫిన్లండువానికి బెండుచెక్క దొరికినట్లు తెలుగువానికి పొనికి కలదు. కొండపల్లి బొమ్మలకును, నిర్మల బొమ్మలకును ఆధారమైన పొనికి చెక్క మిక్కిలి తేలిక. నార సమముగా ఉండుటచే చాకుతోనే ఎటు కావలసిన అటు తెగును. అడవులలో ఆ చెట్టు తగ్గిపోవుచున్నది గనుక, బొమ్మల పనివారి కడ మిగిలిన తునుకలు అడిగి తెచ్చుకొనుట మర్యాద. ఒక్క బొమ్మచేపకు మూడంగుళముల తునుక చాలును. అదియు దొరకనిచో జాలరులు గాలమునకు తేలుడుగా కట్టు జీలుగుబెండు పనికివచ్చును. అది పొనికికంటె మెత్తనిది. దానిని చెక్కి, పైన దారమును ఒత్తుగా చుట్టి, జిగురు పూసినగాని కొర్రమీను పండ్లకు ఆగదు.

బొమ్మచేపకు మూడంగుళముల తునుకను ముక్కువైపు కొంచెము లావుగా, తోకవైపు సన్నగా చెక్కి, గరుకు కాగితముతో నునుపు చేయవలెను. పొట్ట మధ్యన ముక్కునుండి తోకవరకు సన్నని గాడి తీసి, తుప్పు పట్టని ఉక్కుతీగను దానిలో పరుండబెట్టవలెను. ముక్కు కడ తీగను చుట్టి దారము కట్టు కన్నుగాను, తోక కడ ముల్లు వ్రేలాడు కన్నుగాను చేయవలెను. కొందరు తొందరపడి ముక్కున ఒక మరమేకు, తోకన ఒక మరమేకు బిగించి ఊరకుందురు. చేప బరువునకు మేకు ఊడివచ్చును; ముల్లు చేప నోటనే ఉండిపోవును. తీగ ఒక్కటే అయినచో చెక్క చీలినను చేప తప్పదు, చేప నోట ఇనుము మిగులదు. పొట్టక్రింద, మధ్యకు కొంచెము ముందుగా, చిన్న మేకుముక్కను బరువుగా పొదిగి గాడిని మూయవలెను. ఆ బరువు లేనిచో బొమ్మ వెల్లకిల పడును.

ఊపు కొరకు గడ్డమున ఒక నాలుక కావలెను. దానికి తగరపు డబ్బా రేకుగాని, గట్టి ప్లాస్టిక్కుగాని సరిపోవును. రంపపు గాటులో నాలుకను నిలిపి జిగురు పెట్టవలెను. నాలుక నేరుగా క్రిందికి దిగియున్నచో బొమ్మ పైపైననే నిలిచి ఎక్కువ ఊగును. ముందుకు చాచియున్నచో నీటిలో లోతుగా దిగును. చెరువు అంచులలో లోతు తక్కువ, కలుపు ఎక్కువ గనుక మొదటిదే మేలు. పిదప నీటితొట్టిలో లాగి చూడవలెను. బొమ్మ ఎడమకు పోవుచున్నచో ముక్కునున్న కంటిని వెంట్రుకవాసి కుడికి వంచవలెను. కుడికి పోవుచున్నచో ఎడమకు. వెంట్రుకవాసి యన్నది అలంకారము కాదు. ఎక్కువ వంచినచో బొమ్మ గిరగిర తిరుగును. ఈ సవరణకు ఓర్పు లేనివారు సగములో మానుదురు. ఒకే కొలతతో చెక్కిన పది బొమ్మలలో రెండో మూడో మాత్రమే జీవముతో ఊగుట సామాన్యము. ఆ రెండింటిని పోగొట్టుకొన్నవాని దుఃఖము చేప తప్పిన దుఃఖముకంటె పెద్దది.

రంగు విషయమున అంగళ్లవారు మనుష్యులను పట్టుటకు చేసిన రంగులే ఎక్కువ. చేప క్రిందినుండి పైకి చూచును. దానికి ఆకాశపు వెలుగునకు అడ్డముగా నీడవలె కదలు ఆకారము కనబడును. నీటిపై తేలు కప్పకు వీపుపై ఎన్ని చుక్కలు పెట్టినను కొర్రమీనుకు కనబడవు; అవి చేసినవాని సంతోషమునకు. బొమ్మచేపకు మాత్రము పొట్ట తెల్లగా, వీపు ముదురుగా ఉండుట మంచిది, నిజమైన పరిగె అట్లే ఉండును గనుక. ఎనామిలు రంగు రెండు పూతలు, ఆరిన పిదప వార్నీషు మూడు పూతలు వేయవలెను. కొండపల్లి బొమ్మల చింతగింజల జిగురు అద్భుతమైనదే కాని నీటిలో నిలువదు. నీటిని తట్టుకొను జిగురే వాడవలెను.

చెంచాతో చేయు ఎరను గూర్చి రెండు మాటలు చాలును. పాత చెంచా కాడను కోసి, రెండు చివరల బరమాతో రంధ్రములు చేసి, ఒకవైపు ముల్లు, ఒకవైపు దారము కట్టినచో అయినది. కలుపు లేని లోతైన నీట వాలుగకు అది పనికివచ్చును. కొర్రమీనుండు చోట అది నాచును మాత్రమే పట్టును.

కప్పను ఆడించు తీరు వేరు. నీటి నడుమ వేయుటకంటె ఆకుపైనే వేసి, చిన్నగా లాగి, ఆకునుండి నీటిలోనికి దుమికించి, ఆపవలెను. ఆ ఆపుటలోనే తరచు ఉరుకు వచ్చును. నీరు చిమ్మిన చప్పుడు వినగానే లాగినచో కప్ప ఒక్కటే ఎగిరి గట్టునకు వచ్చును. ఒకటి, రెండు అని మనసున లెక్కించి, దారము బిగిసిన పిదప లాగవలెను. ఈ రెండంకెల లెక్క నేర్చుట చెక్క చెక్కుటకంటె కష్టమని పెద్దల మాట.

ఇంత చేయుట ఎందులకు, సీసాలోని కప్ప ఉండగా? అను ప్రశ్న న్యాయమైనదే. ముల్లునకు గ్రుచ్చిన కప్ప గంటలకొలది కొట్టుకొనును. అది కన్నులుండి చూచువానికి వేరుగా చెప్పనక్కరలేదు. మరియు కప్ప పొలములోని పురుగులను తినును. ఒకప్పుడు భారతదేశమునుండి కప్పకాళ్లు విదేశములకు టన్నులకొలది ఎగుమతి అయినవి. కప్పలు తరుగుటను చూచి 1987లో ప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించెను. రబ్బరు కప్ప వందసార్లు విసరినను చావదు. లెక్కకైనను అదియే చౌక.

చివరకు చెప్పవలసిన మాటకు ఇప్పుడు రావచ్చును. తొలకరి వానలకు కప్పలు బెకబెకలాడు వేళనే కొర్రమీను గుడ్లు పెట్టును. ఆడదియు మగదియు కలిసి కలుపు మొక్కల నడుమ జానెడు, మూరెడు చోటు శుభ్రము చేసికొనును. తేనెరంగు గుడ్లు నీటిపై తేలును. పిల్లలు కొంచెము పెరిగిన పిదప నారింజ ఎరుపు రంగున, వందలకొలది ఒక్క ముద్దగా తిరుగును. గాలికై అన్నియు ఒకేసారి పైకి వచ్చుటచే, అచ్చట నీరు సలసల మరుగునట్లు కనబడును. ఆ ముద్ద క్రింద తల్లిగాని తండ్రిగాని తప్పక ఉండును. దగ్గరకు వచ్చిన దేనినైనను అది కొట్టును. ఆకలిచేత కాదు, కావలిచేత.

ఈ సంగతి గాలము వేయువారందరికి తెలియును. తెలిసియే కొందరు ఎర్రముద్ద నడుమ కప్పను వేయుదురు. అంత సులభముగా పెద్ద కొర్రమీను మరెన్నడు చిక్కదు. ఛాయాచిత్రమునకు చక్కగా నిలుచును. మృగశిర నాటి గిరాకీలో మంచి ధర పలుకును. కావలి పోయిన ముద్దను జెల్లలు, మట్టగిడసలు, కొంగలు కలిసి తినివేయును. ఒక చేపను పట్టినవాడు ఒక సంతతిని పట్టినట్లగును. బొచ్చె, రోహు పిల్లలవలె కొర్రమీను పిల్లలను పెంపక కేంద్రములలో పెంచుట సులభము కాదు. చాలినంత తిండి లేనిచో అవి ఒకదానినొకటి తినును. చెరువులో పోయినదానిని బయటినుండి తెచ్చి పూరించుట కష్టము. చూడగా, బాసును ఇట్లే గూటి కడ పట్టుట అమెరికాలో పాత తగవు. అచ్చట మగచేప గూటిని, పిల్లలను కాయును. కెనడాలోని ఒంటారియో రాష్ట్రమున పలుచోట్ల గుడ్లు పెట్టు కాలమున బాసు వేటను మూసివేయుదురు. పట్టి వదలుటకును ఒప్పుకొనరు, పట్టిన కొద్ది నిముషములలోనే గూడు దోపిడియగును గనుక.

తెలుగునాట అట్టి శాసనము కాగితముపై ఉన్నను లేకున్నను, గట్టున నిలిచిన బాలునకు కనబడునది ఎర్రముద్ద ఒక్కటే. అది కనబడినచో కర్ర మడచి ఇంటికి పోవలెనని అతనికి చెప్పుటకు ఇంట పెద్దలును, గ్రంథాలయమున పెద్దలును కలరు. నేర్పు ఎంత పెరిగిన, ఈ మాట అంత గట్టిగా చెప్పవలసియుండును. చేతగానివాడు వేసిన వానపామునకు కాపలా కాయు కొర్రమీను చిక్కక పోవచ్చును; చక్కగా చేసిన కప్పకు తప్పక చిక్కును.

మరి రెండు సంగతులు. చెరువు చేప ఊరక పుట్టినది కాదు. చాల చెరువులలో చేపలపై హక్కు మత్స్యకారుల సహకార సంఘములది. గంగపుత్రులు, ముదిరాజులు తరతరములుగా దానిపై జీవించుచున్నారు. వారిని అడిగి గాలము వేయవలెను. వినోదమునకు పట్టినవాడు జీవనమునకు పట్టువాని చేప తీసికొనిపోవుట సమంజసము కాదు. అడిగినచో కాదనువారు తక్కువ. పైగా ఏ తూము కడ ఏ వేళ చేప తిరుగునో పుస్తకములలో లేని విషయము వారే చెప్పుదురు.

రెండవది, తినుట. నగరము పెరిగి కాలనీల మురుగు చేరిన చెరువులో చేప బ్రతికియున్నంత మాత్రమున నీరు మంచిదని అనుకొనరాదు. కొర్రమీను గాలి పీల్చు చేప. ప్రాణవాయువు తరిగి తక్కిన చేపలు తెల్లగా తేలిపోయిన నీటిలోను అది బ్రతుకగలదు. అట్టి చెరువులో పట్టినదానిని తినక, నీటిలోనే వదలుట మేలు. వదలదలచినవాడు ముల్లు మొన వెనుకనున్న ఎదురుముల్లును పటకారుతో నొక్కి చదును చేయవలెను. ముల్లు నోటినుండి సునాయాసముగా వచ్చును. చేతి వ్రేలికి గ్రుచ్చుకొన్నప్పుడును ఆ మేలే. చేపను ఎండిన గుడ్డతో పట్టరాదు. తడిచేతితో పట్టవలెను, పైనున్న జిగట పొర పోరాదు. తెగిన నైలాను దారమును గట్టున వదలరాదు. అది పక్షుల కాళ్లకు ఉరి.

పనికి కాలము ఇట్లు. చైత్ర వైశాఖములలో ఎండ బాగుగ కాయును గనుక చెక్క పని, రంగు, వార్నీషు అప్పుడే. మృగశిరనుండి వానలు సాగినంతకాలము, ఎర్రముద్దలు తిరుగుచున్నంతవరకు, బొమ్మలు పెట్టెలో ఉండవలెను. అప్పుడు గట్టుకు పోవచ్చును కాని చూచుటకే. దీపావళి దాటి నీరు తేటపడి, పిల్లలు విడిపోయిన పిదప పెట్టె తెరువవచ్చును. చలి దినములలో ఉదయమున చేప కదలదు. ఎండ ఎక్కి నీరు వెచ్చబడిన తరువాత పోవలెను. మాఘ ఫాల్గుణములలో నీరు తరిగి అంచులు బయటపడునప్పుడు కప్ప ఆటకు మంచి దినములు. పెట్టెలో ఆరు నెలలుండిన ముల్లు మొన మొద్దుబారియుండును. ఆకురాయితో రెండు మూడు మారులు గీసి, బొటనవ్రేలి గోటిపై మెల్లగా ఆనించి చూడవలెను. జారినచో మరల గీయవలెను. గోటిని పట్టి నిలిచినచో సరిపోయినది.